పడవ లేని షెడ్డు

సరస్సు ఒడ్డున ఇక ఇష్టమొచ్చినట్టు కట్టడానికి వీల్లేదని మా నగరపాలక సంఘం తీర్మానించినప్పుడు నేను నిజంగానే సంతోషించాను. నీళ్లకు వంద అడుగుల లోపు ఏ కట్టడమూ ఉండకూడదట. పడవ పెట్టుకునే షెడ్లకు మాత్రం మినహాయింపు. పడవ నీళ్ల పక్కన కాక నడివీధిలో ఉంటుందా మరి! మా ఆయన పడవలు బాగుచేస్తాడు. ఒడ్డునే మా షెడ్డు, కింద పని, అటక మీద కాపురం. ‘‘రాసినవాళ్లకు బుద్ధుంది’’ అని మెచ్చుకున్నాను కూడా. తొందరపడ్డాను.

నెల తిరిగేసరికి ఒడ్డున ఉన్న మేడలన్నీ పడవల షెడ్లయి కూర్చున్నాయి. పళ్ల డాక్టరు మూడంతస్తుల ఇంటి వరండాలో ఊయల తీసేసి పడవ పెట్టించాడు. హోటలాయన పడవలో మట్టి పోసి గులాబీలు నాటాడు. ఈ రూలు అమలు చూసే కమిటీ ఛైర్మన్ బావమరిది పడవకైతే అడుగు చెక్కే లేదు, దాన్ని గోడకు మేకులతో కొట్టించాడు. ఇవన్నీ మా షెడ్డు వెనక చెత్తలో పడి ఉన్నవే. ‘‘ముచ్చటపడి అడిగారే, ఇచ్చేశాను’’ అన్నాడు మా ఆయన. ఎవరేమడిగినా కాదనలేడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, నా నోటితో చెప్పను.

తనిఖీ నీళ్ల మీద నుంచి చేస్తామని, పొద్దున్నే రేవుకు పడవ తెమ్మని కమిటీ కబురు పెట్టింది. బాగుచేసినవాటిని ఎవరివి వాళ్లు తీసుకుపోగా షెడ్డులో మా సొంత పడవ ఒక్కటే ఉంది. మా ఆయన దాన్ని కడిగి తుడిచి మరీ తీసుకెళ్లాడు. కమిటీ తరఫున ఛైర్మనూ, ఇంజనీరూ, లాయరూ ఎక్కారు. ఛైర్మన్‌కు గొడుగు పట్టడానికి నన్నూ ఎక్కించాడు.

‘‘పడవుందా?’’ అని ఛైర్మన్ అడగడం, ‘‘ఉంది సార్’’ అని ఇంజనీరు అనడం, ఆ మేడ గట్టెక్కడం. బావమరిది ఇంటి దగ్గర మాత్రం ఇంజనీరు కాస్త నీళ్లు నమిలాడు. ‘‘గోడకుంది సార్.’’

‘‘గోడకు ఉండకూడదని ఎక్కడా రాయలేదు’’ అన్నాడు లాయరు.

చివరికి మా షెడ్డు వచ్చింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇంజనీరు తొంగి చూశాడు.

‘‘పడవ లేదు సార్.’’

హాస్యమనుకుని నవ్వాను. నాతో ఎవరూ నవ్వలేదు.

‘‘అదేంటి సార్, మీరు కూర్చున్నది మా పడవేగా!’’ అన్నాడు మా ఆయన.

‘‘తనిఖీ సమయానికి షెడ్డులో ఉండాలి’’ అన్నాడు లాయరు.

‘‘తెమ్మన్నది మీరే కదండీ?’’ అన్నాను.

ఛైర్మన్ ఎంతో ప్రేమగా నా వైపు తిరిగాడు. ‘‘చూడమ్మా, ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం మావల్ల కాదు. రూలంటే అందరికీ రూలే. వారంలో ఖాళీ చేసెయ్యండి.’’

నాకు ఒళ్లు మండిపోయింది. గొడుగు ముడిచేశాను. మా ఆయన మాత్రం ఎప్పట్లాగే తల దించుకున్నాడు, ఇక ఈ మనిషికి రోషం రాదనుకున్నాను. అంతలో తెడ్డు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

‘‘దిగండి సార్.’’

‘‘ఇక్కడా? ఒడ్డు రాలేదుగా!’’

‘‘మీ కళ్లకు కనబడని పడవలో మిమ్మల్నెలా కూర్చోబెట్టుకోను? దిగండి.’’

పెళ్లయినప్పటి నుంచి ఆ గొంతు నేను వినలేదు. ముగ్గురూ మోకాలి లోతు బురదలోకి దిగారు. లాయరు బూటొకటి అక్కడే ఉండిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వారం తిరక్కుండానే షెడ్డు పడగొట్టారు. ఇప్పుడు ఊళ్లో ఒక ఇరుకు సందులో అద్దెకుంటున్నాం. మా పడవ నడివీధిలో బోర్లా పడి ఉంది. దారినపోయే ప్రతివాడూ దాన్ని తిట్టి మరీ తప్పుకుంటాడు.

నిన్న ఛైర్మన్ బావమరిది మనిషిని పంపాడు. గోడ మీది పడవకు మేకులూడాయట, మళ్లీ తనిఖీ వచ్చేలోగా వచ్చి బిగించాలట. అలవాటు కొద్దీ లేస్తాడేమోనని నేను భయపడ్డాను.

మా ఆయన రానన్నాడు.