పావుగంట చీటీలు

రెండు వేల మూడు జూన్‌లో బంగారుపాళ్యం దగ్గర జ్యూస్ ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు మైలు పొడవున నిలిచాయి. మా పక్క తోట నాగులమ్మది నలభై ఒకటో టోకెను. ఆ ఏడు ఆమె తోటంతా కలిపి కాసింది ఆ ఒక్క లోడే. తోడుగా నేనూ ఎక్కాను. మూడో రోజుకు కారిన రసానికి ఈగలు ఎంతగా మూగాయంటే, మా ముందు ట్రాక్టరు జానెడు పైకి లేచింది. డ్రైవరు దిగడానికి నిచ్చెన అడిగాడు.

ఆ శుక్రవారం పొద్దున తూకం మొదలై, ఇరవయ్యో టోకెను తర్వాత ఆగిపోయింది. కాటా బాగానే ఉంది. కాటా గదిలోని లినక్సు కంప్యూటరు తూకాన్ని ఆఫీసు కంప్యూటరుకు పంపితేనే చీటీ వస్తుంది, చీటీ లేనిదే కాయ దించరు. ఆఫీసులో కొత్త కంప్యూటరు పెట్టి దాని చిరునామా మార్చారు. కాటా గదిది మాత్రం పాత చిరునామాకే పంపుతోంది.

ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసే దేవరాజులు వచ్చి చిరునామా దిద్దాడు. ఐదు ట్రాక్టర్లు లోపలికి పోయాయి. పావుగంటకు మళ్లీ ఆగింది. మళ్లీ దిద్దాడు. ఇంకో ఐదు పోయాయి, మళ్లీ ఆగింది.

"ఏమప్పా, నువ్వు చెయ్యి తీస్తానే పడిపోతా ఉండాదే?" అన్నాను.

"నేను దిద్దింది అది చెరిపేస్తాది పెద్దాయనా. మద్రాసు ఆఫీసు ప్రోగ్రాము పావుగంటకొకసారి ఈడుండే సెట్టింగుల్ని ఆడుండే అసలు కాపీతో పోల్చి సూస్తాది. తేడా ఉంటే ఆడుండేదే రాసేస్తాది. ఆ కాపీలో పాత చిరునామానే ఉండాది."

"దాన్ని ఆపేయ్."

"కుదరదు. కాటా గుమాస్తాలు బామ్మర్దుల బండ్లకోసరం టోకెన్ల వరస కెలుకుతా ఉంటే, ఎవురు చేత్తో మార్చినా చెరిపేయమని పోయినేడు అడిగింది నేనే. మూడుసార్లు మారిస్తే లోపలికే రానీయొద్దన్నా. నన్ను మాత్రం వదిలేయమని చెప్పేది మరిచినా."

"మా ఎనుముకే నీకంటే తెలివి జాస్తి. కట్టేసేటప్పుడు మేసేంత పలుపు వదులు పెట్టించుకుంటాది."

నాగులమ్మ నవ్వలేదు. "అబ్బయా, ఆ కాపీ మార్చేటోడు యాడ?"

"పెండ్లికి పోయినాడక్కా. సోమారం వస్తాడంట."

మూడోసారి దిద్దాడు. ముప్పై ఐదో టోకెను దాకా పోయాయి. తర్వాత కంప్యూటరు దేవరాజులునే లోపలికి రానివ్వలేదు. వేరే ఫ్యాక్టరీల్లో అడిగితే టోకెను వారం తర్వాతే అన్నారు.

సోమవారం మధ్యాహ్నం మద్రాసు కాపీ మారింది. నాగులమ్మ ట్రాక్టరు కాటా ఎక్కగానే చీటీ వచ్చేసింది. కాయ చూసేవాడు ఒకదాన్ని నొక్కితే వేలు టెంక దాకా దిగింది.

"దించేదానికి లేదమ్మా."

దేవరాజులు ఏదో చెప్పబోయాడు. "నువ్వేం సేస్తావులే" అంది ఆమె.

తిరుగు దారిలో వంక గట్టున డ్రైవరు ట్రాలీ ఎత్తాడు. కాయలు దొర్లలేదు, జారాయి. నాగులమ్మ చీర ఎగదోపుకుని లోపలికెక్కి పారతో గీకడం మొదలుపెట్టింది.

"దిగమ్మే, నేను గీకుతా" అన్నాను.

"బాడుగ బండి మామా. కడిగే తిరిగియ్యాల."