సబ్బు మామ

బ్యాటరీల మేస్త్రీ పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం రేకులు కరిగించే షెడ్డులో పదేళ్లుగా పనిచేస్తున్నాడు. మాట పొదుపు మనిషి. ఆ పొదుపు నాలుగేళ్ల కూతురి దగ్గర మాత్రం చెల్లదు. ఆమెను ఇంట్లో పిచ్చుక అంటారు.

పిచ్చుకకు నెల తిరగకుండా జ్వరం వచ్చేది. చెవిపోటు తగ్గితే దగ్గు, దగ్గు తగ్గితే మళ్లీ జ్వరం. అప్పుడు దుప్పటి కప్పితే తన్నేసేది. నాన్న విడిచిన పని చొక్కా చుడితే ఆ చొక్కా చేతిని మూతికి ఆనించుకుని నిద్రపోయేది. అందుకని తల్లి ఒక చొక్కాను ఉతకకుండా దాచి ఉంచేది. ఉతికితే నాన్న వాసన పోతుందని.

"మందుకన్నా నా చెమటే మేలు, చూశావా," అనేవాడు మేస్త్రీ.

"అయితే బుడ్లకెత్తి అమ్ముకో," అనేది భార్య.

ఈసారి జ్వరానికి ఆసుపత్రిలో నర్సమ్మ పిల్ల రక్తం తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత కాగితం చూసి, ఏం పని చేస్తావని మేస్త్రీని అడిగింది. చెప్పాడు.

"పాప రక్తంలో సీసం చేరింది బాబూ. ఈ జ్వరాలన్నీ దానివల్లేనని చెప్పలేను. కానీ సీసం చేరితే రోగాన్ని ఎదిరించే సత్తువ తగ్గొచ్చు. నీ బట్టల మీదే ఆ దుమ్ము ఇంటికొస్తోంది."

మేస్త్రీ తన గోళ్లలోని నలుపు చూసుకున్నాడు. "జ్వరమొచ్చిన ప్రతిసారీ అదే కప్పాం గదమ్మా."

"తెలిసి కప్పలేదుగా. ఇక కప్పకండి."

మర్నాటి నుంచి అతను షెడ్డులోనే తలస్నానం చేసి, పని బట్టలు అక్కడే వదిలి వచ్చేవాడు. భార్య పక్కబట్టలన్నీ ఉతికి, ఇల్లంతా తడిగుడ్డ పెట్టింది. దాచిన చొక్కా బయట పారేసింది. మొదటి రోజు సాయంత్రం గుమ్మంలో పిచ్చుక అతని చొక్కా వాసన చూసి వెనక్కి తగ్గింది.

"నువ్వు మా నాన్నవి కాదు. సబ్బు మామవి."

"మరి మీ నాన్నేడీ?"

"పనిలో ఉన్నాడు. మురిగ్గా వస్తాడు."

వంటగదిలో భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మూడు రోజులు పిచ్చుక అతని చంక ఎక్కలేదు. నాలుగో రోజు ఒళ్లు కాలిపోయింది. చొక్కా కావాలని ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"షెడ్డుకెళ్లి తేకూడదూ? ఈ ఒక్కసారికీ," అంది భార్య, తనూ కళ్లు తుడుచుకుంటూ.

"తేను," అన్నాడు మేస్త్రీ.

ఒంటి మీది చొక్కా విప్పేసి, పిల్లను రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టుకున్నాడు. అది గింజుకుంది, రక్కింది. అతను కదలలేదు. కాసేపటికి ఏడుపు వెక్కిళ్లయింది. చెవి అతని రొమ్ముకు ఆనింది.

"లోపలెవరో తలుపు కొడుతున్నారు," అంది పిచ్చుక.

"ఎవరమ్మా?"

చాలాసేపు విన్నది. "నాన్నేమో," అని కళ్లు మూసుకుంది.