యోనా కట్టించిన బోర్డు

వనజ మందుల చదువు ఫార్మ్‌డీ పాసైంది. ఆ చదువు చదివినవాళ్లు పేరు ముందు డాక్టరని పెట్టుకుంటారని తెలియడమే తడవు, వాళ్ల నాన్న యోనా మందస బజారులో ఆమె తెరిచిన మందుల షాపుకి ఈ మూల నుంచి ఆ మూలకి బోర్డు కట్టించాడు. 'డాక్టర్ వనజ' అన్న అక్షరాలు బస్సు దిగకుండానే కనిపిస్తాయి. అంతటితో ఊరుకుంటే యోనా ఎందుకవుతాడు? కనిపించినవాడినల్లా ఆపి చదివించాడు.

ఆ బోర్డు చివరికి ఆయన మెడకే చుట్టుకుంది.

వచ్చే ఆదివారం చర్చిలో కోతల పండగ, పండిన పంట తెచ్చి వేలం వేసే రోజు. డోలక్ యోనాదే, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. తీరా చూస్తే పలాస డాక్టరు బీపీ బిళ్ళ మార్చిన దగ్గర్నుంచి లేచి నిలబడితే చాలు, కళ్లు తిరుగుతున్నాయి.

“సగం బిళ్ళ ఏసుకోమని ఒక్క మాట సెప్పీయే. నీకు తెల్దేటి?” అన్నాడు కౌంటరు మీద వాలి.

వనజ బీపీ చూసింది. బాగా తగ్గి ఉంది. “ఇది మెల్లగా కరిగే బిళ్ళ నాన్నా. విరగ్గొడితే మందంతా ఒక్కపాలే దిగిపోద్ది. మోతాదు మార్చాలంటే డాక్టరుగారే మార్చాల. అడిగి సెప్తాను.”

“మరి బోర్డు మీద నువ్వేటి?”

“మందు గురించి సెప్పేదాన్ని. రాసేదాన్ని కాదు. సట్టం అక్కడే గీత గీసీసింది.”

“కన్నతండ్రి కాడ కూడా సట్టమేటే?”

“కన్నతండ్రి కాడే ఇంకా గట్టిగుండాల.”

యోనా ముఖం గంటుపెట్టుకున్నాడు. అసలు బెంగ డోలక్ గురించి కాదని వనజకు తెలుసు. డాక్టరు దగ్గరికెళ్తే కిడ్నీ పరీక్ష రాస్తాడు. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ పరీక్షలో వచ్చే అంకె వినాలంటే ఎంత మొనగాడికైనా గుండె జారుతుంది. యోనా తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడు. భయం వనజకూ ఉంది. ఒక్క మాట అనేస్తే తండ్రీకూతుళ్లిద్దరూ నిశ్చింతగా పండగ చేసుకోవచ్చు. అయినా ఫోను తీసింది.

పలాసలో డాక్టర్ రాజేంద్ర అంతా విన్నాడు. “మంచి పని చేశావమ్మా. రేపటి బిళ్ళ ఆపించి పొద్దున్నే తీసుకురా. రక్తం చూసి మారుద్దాం” అన్నాడు.

మర్నాడు ల్యాబు బెంచీ మీద యోనా కూతురి చెయ్యి వదల్లేదు. చిన్నప్పుడు ఆమెను బడిలో దింపినప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

రిపోర్టు చూసి రాజేంద్ర నవ్వాడు. “కిడ్నీలు కుర్రాడి కిడ్నీల్లా ఉన్నాయి మావయ్యా. తక్కువ మోతాదు బిళ్ళ రాస్తున్నాను. పండక్కి డోలక్ వాయించుకో.”

యోనా అక్కడే కూతుర్ని పట్టుకుని ఏడ్చేశాడు. ఆమె కూడా ఏడ్చింది, నవ్వుతూనే.

ఆదివారం డోలక్ మోతకి గుమ్మడికాయల వేలంపాట ఎవరికీ వినపడలేదు.

సోమవారం వనజ షాపుకి వచ్చేసరికి పెయింటర్ సోములు నిచ్చెన మీదున్నాడు. కింద నిలబడి యోనా పురమాయిస్తున్నాడు.

“ఇంకా పెద్దవి రాయరా, బస్సులోంచి అవుపడాల.”

వనజ తలెత్తి చూసింది. తన పేరు కింద, తన పేరు కన్నా పెద్ద అక్షరాలతో కొత్త వరుస మెరుస్తోంది: 'డాక్టరుగారిని అడిగి చెప్పబడును.'