మిషను గది

చర్చి బెంచీల కిందికి చీపురు దూర్చి లాగితే చాక్లెట్టు కాగితాలు, జుట్టు పిన్నులు, ఎవరి పిల్లదో ఒక సాక్సు బయటికొచ్చాయి. తాళాలాయన వాటిని చేటలోకి ఎత్తి, నడుం పట్టుకుని లేచాడు. మోకాళ్ళు పాత తలుపు బందుల్లా కిర్రుమన్నాయి. నడుముకు వేలాడే తాళాల గుత్తి గలగలలాడింది. ఆ గుత్తి వల్లే ఆ పేరు. ఆ చర్చిలో బట్టల షాపు యజమాని బ్రదరు, బ్యాంకు గుమాస్తా బ్రదరు, మొన్నటికి మొన్న బాప్తిస్మం పుచ్చుకున్నవాడూ బ్రదరే. ఇన్నేళ్ళుగా గచ్చు తుడుస్తున్నవాడు మాత్రం తాళాలాయన.

"పరలోకంలో కూడా నన్ను గేటు దగ్గరే నిలబెడతారేమోనే" అంటుంటాడు భార్యతో.

"అక్కడ గేటుకి వేరే ఆయన ఉన్నాడులే. నీకా ఉద్యోగమూ రాదు" అంటుందావిడ.

ఆ సాయంత్రం ప్రార్థన కూడిక ఉంది. మర్నాడు ఆరాధన అవగానే సువార్త వ్యాను బయలుదేరి ఎక్కడెక్కడి ఊళ్ళకో వెళుతుంది. దాని కోసం సంఘం మొత్తం తలకిందులవుతోంది. వ్యాను కడగాలి, మైకులు తుడవాలి, కరపత్రాల కట్టలు ఎక్కించాలి. మైకులూ కట్టలూ సువార్త పనికి కేటాయించిన మిషను గదిలో ఉంటాయి. చర్చి పక్కనే, గోడకు గోడ ఆనించి కట్టిన గది అది. నున్నటి పలకలు, వీధి వైపు కిటికీ, లోపలే నీళ్ళ కుళాయి. కాగితాలకు చెమ్మ తగలకూడదని పొద్దస్తమానం పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ప్రతి కరపత్రం మీదా తెరిచిన తలుపు బొమ్మ.

గది తలుపుకు వేసిన తాళం మాత్రం మామూలుది కాదు.

గచ్చు తడి ఆరేలోపు తాళాలాయన పాల గ్లాసు పట్టుకుని వెనక వీధిలోకి నడిచాడు. చర్చి ప్రహరీని ఆనుకునే రేకుల గదులున్నాయి. వాటిలో చివరి దాంట్లో మేస్త్రి పడుకుని ఉన్నాడు. ఆ ప్రహరీ కట్టింది అతనే. ఊళ్ళో సగం గోడలు కట్టిన మనిషి, సిమెంటు దుమ్ము పీల్చి పీల్చి, ఇప్పుడు ఊపిరి తీస్తుంటే రంపం కోస్తున్నట్టు చప్పుడు. పెద్దాసుపత్రివాళ్ళు చూసి, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి ప్రశాంతంగా చూసుకోండన్నారు. ఇల్లంటే ఈ రేకులే. చూసుకోవలసిన పెళ్ళాం ఏనాడో పోయింది. ఎండకు రేకు కాలి, గది కుంపటిలా ఉంది.

"వచ్చావా బావా" అన్నాడు మేస్త్రి. చుట్టరికమేమీ లేదు. పిలుపు అలా కుదిరిపోయింది. "నాకింకా టికెట్టు రాలేదు."

"వచ్చేటప్పుడు వస్తుందిలే. నీ ముందు లైను చాలా ఉంది. ముందీ పాలు తాగు."

రెండు గుక్కలు దిగి, మూడోది గడ్డం మీదికి కారింది. అంతలో ఇంటి యజమానురాలు గుమ్మంలో నిలబడింది.

"సాయంత్రానికి గది ఖాళీ కావాలి. ఈ దగ్గుకి పక్క గదుల వాళ్ళు వెళ్ళిపోతామంటున్నారు. నాది మాత్రం పొట్ట కాదా?" అని, కాస్త ఆగి, "వారం వారం మైకులో ఈయన కోసం ప్రార్థన చేస్తారుగా మీవాళ్ళు. నాకిక్కడికే వినపడుతుంది. వాళ్ళనే తీసుకెళ్ళమను" అంది.

తాళాలాయనకు ఒళ్ళు మండింది. మండింది ఆవిడ మీద కాదు.

పాస్టరు గదిలో పాస్టరుగారు, బట్టల షాపు పెద్దాయన బల్ల మీద రోడ్ల పటం పరుచుకుని వేళ్ళతో ఊళ్ళు దాటుతున్నారు. తాళాలాయన గుమ్మం దగ్గరే నిలబడి సంగతి చెప్పాడు.

"మిషను గదిలో మంచం వేస్తానండి. ఎంతో కాలం పట్టదు."

"ఆయన కోసం మనం ఎంతో భారంతో ప్రార్థిస్తూనే ఉన్నాం కదా" అన్నాడు పాస్టరుగారు మెత్తగా. నిజంగానే బాధపడుతున్నాడు, మొహంలో తెలుస్తోంది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"ప్రార్థన మీద పడుకోలేడు కదండీ."

షాపు పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "ఏవయ్యా, అది దాతలు మిషను కోసం కట్టించిన గది. ఇవాళ ఒకణ్ణి పెడితే రేపు వీధి వీధంతా మంచాలు మోసుకొస్తుంది. దేవుడి పని ఆపి ధర్మాసుపత్రి నడుపుదామా?"

"కమిటీలో పెడదాంలే" అన్నాడు పాస్టరుగారు.

"ఎప్పుడండీ కమిటీ?"

"యాత్ర నుంచి రాగానే."

"అప్పటికి ఆయన యాత్రా అయిపోతుంది" అనేసి తాళాలాయన బయటికొచ్చాడు.

వ్యాను కడుగుతున్నంతసేపూ పళ్ళు నూరుకున్నాడు. దాని మీద 'లోకమంతటికీ' అని ఎర్ర అక్షరాలు. లోకమంతటికీ పోయే బండి వెనక వీధికి పోలేదు, ఎందుకంటే చర్చి గేటు పెద్ద రోడ్డు వైపుంది. దేవుడి పనట. కాగితానికి చెమట పడితే దేవుడికి నొప్పి, మనిషికి పడితే కమిటీ. గుడ్డను ఎంత గట్టిగా రుద్దాడంటే ఒక అక్షరం అంచు లేచిపోయింది. లేవనీ అనుకున్నాడు.

మధ్యాహ్నం పెద్దలంతా భోజనాలకు వెళ్ళారు. తాళాలాయన మిషను గది తాళం తీసి, మొదటి కట్టను భుజానికెత్తి వరండాలో పడేశాడు. చప్పుడు విని భార్య వచ్చింది.

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవరూ అనలా."

"ఉద్యోగం పోతే ఏం తింటాం?"

"ఇప్పుడేం తింటున్నామని?"

ఆవిడ కాసేపు అతన్ని, వరండాను మార్చి మార్చి చూసింది. తర్వాత లౌడుస్పీకరు పెట్టెకు రెండో వైపు పట్టుకుంది. "వంగి ఎత్తు. నీ నడుం విరిగితే నిన్ను పడుకోబెట్టడానికి ఇంకో గది లేదు."

మేస్త్రిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెరో వైపూ పట్టుకుని వీధి చుట్టూ తిరిగి మోసుకొచ్చారు. అతనిలో మోయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

"పల్లకీ ఎక్కించావు బావా" అన్నాడు. మంచం మీదికి చేరాక చాలాసేపు పైన తిరిగే ఫ్యానునే చూశాడు. "ఇన్నాళ్ళూ ఇది ఎవరి కోసం తిరుగుతోంది?"

"కాగితాల కోసం."

మేస్త్రి నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఊపిరి కుదుటపడ్డాక గచ్చు వైపు చూసి, "ఈ పలకలు వేసినవాణ్ణి తన్నాలి. మూల వంకర" అన్నాడు. తాళాలాయన భార్య తడిగుడ్డతో అతని మెడ, చేతులు తుడిచింది. గాలికి ఒళ్ళు చల్లబడుతుంటే కళ్ళు మూసుకుని, "హాయిగా ఉందమ్మా" అన్నాడు.

సాయంత్రం షాపు పెద్దాయన వరండాలో కట్టలు చూసి ఆగిపోయాడు. గదిలోకి తొంగి చూడలేదు. వాసన తగిలినట్టు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"కూడిక అయ్యేసరికి ఈ సరుకు లోపలికి పోవాలి. లేకపోతే తాళాలిచ్చి నీ దారిన నువ్వు పో."

పక్కన కూడిక మొదలైంది. పాటలయ్యాక గోడ అవతలి నుంచి పాస్టరుగారి గొంతు లేచింది. రోగంతో ఉన్న మన మేస్త్రి సహోదరుణ్ణి ముట్టుము, ప్రభువా, అంటోంది.

మేస్త్రి ఒక కన్ను తెరిచాడు. "నా గురించేనా?"

"నీ గురించే."

"గొంతు బాగుంది" అన్నాడు.

ఆ తర్వాత రంపం చప్పుడు నెమ్మదించింది. ఒకసారి ఆగింది, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రాలేదు. తాళాలాయన భార్య చేతిలో గుడ్డ అలాగే ఉంచి భర్త వైపు చూసింది. అతను వంగి ఆ రెప్పలు మూశాడు. సిమెంటుకు కాయలు కాసిన ఆ చేతిని ఛాతీ మీద పెట్టాడు. గోడ అవతల, జబ్బు మంచం మీంచి లేవనెత్తుము ప్రభువా, అంటున్నారు. ఆమేన్, ఆమేన్ అని హాలంతా హోరెత్తుతోంది. చచ్చిన మనిషి జబ్బు తగ్గించమని అంతమంది కళ్ళు మూసుకుని అడుగుతున్నారు. ఒక్కరు కళ్ళు తెరిచి ఈ గుమ్మం దాకా వస్తే తెలిసేది.

అతను హాలులోకి వెళ్ళి నడి దారిలో నిలబడ్డాడు.

"ఇక ఆపండయ్యా. పక్క గదిలో ఆయన పోయాడు."

మైకు కూయడం ఒక్కటే వినపడింది. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వెంటనే గొంతు సర్దుకుని, ప్రభువు తన మందిరపు నీడలోనే సహోదరుణ్ణి పిలుచుకున్నాడనీ, ఆఖరి ఘడియల్లో మన సంఘం ఆయనకు గూడు ఇచ్చిందనీ, ఆ గది దేని కోసమో ఇవాళ దేవుడు మనకు చూపించాడనీ అన్నాడు. ఆమేన్ అంది హాలు. అందరికంటే గట్టిగా షాపు పెద్దాయన.

"సంఘం ఇవ్వలేదు" అన్నాడు తాళాలాయన. "పొద్దున అడిగితే కమిటీ అన్నారు. ఇందాక తాళాలిచ్చి పొమ్మన్నారు. మీకూ ఆయనకీ మధ్య ఒకే గోడ. ఇంతసేపూ ఒక్కళ్ళు లేచి రాలేదు. ఇప్పుడు ఆమేనా?"

వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచి, బెంచీలు పట్టుకుంటూ మిషను గది వైపు నడిచింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు. మిగతావాళ్ళు చెప్పుల వైపు చూసుకున్నారు.

మర్నాడు ఆరాధనకు ముందే సమాధి చేసేశారు, వ్యానుకు ఆలస్యం కాకూడదని. ఆరాధన అవగానే షాపు పెద్దాయన వరండాలోకొచ్చాడు.

"సరే, ఇక గది ఖాళీయేగా. మిగిలిన సరుకు లోపల పెట్టించు."

"ఖాళీ లేదండి."

లోపల మంచం మీద వెనక వీధి ఇస్త్రీ ఆయన తల్లి ఉంది. పక్షవాతంతో ఒక వైపు పడిపోయిన మనిషి. పాటలు పాడుతున్నప్పుడు కొడుకు వీపున వేసుకొచ్చి గుమ్మంలో నిలబడితే తాళాలాయన మారు మాట్లాడకుండా దుప్పటి మార్చాడు.

"ఎవరి అనుమతితో?"

"నిన్న మీరంతా ఆమేన్ అన్నారుగా. ఆ గది దేనికో దేవుడు చూపించాడని మైకులో చెప్పారు. వీధంతా విన్నది."

అటు గేటు దగ్గర వ్యాను హారను కొట్టింది, మళ్ళీ కొట్టింది. పెద్దాయన వరండాలో ఉన్న కట్టల వైపు ఒకసారి చూసి, చేతులు దులుపుకుని వెళ్ళి బండెక్కాడు.

తాళాలాయన లోపలికొచ్చాడు. దుప్పటి మార్చేటప్పుడు మేస్త్రి తలగడ కింద దొరికిందంటూ భార్య ఏదో చేతిలో పెట్టింది. గోడ నిటారుగా లేస్తోందో లేదో చూసుకునే మట్టపుగుండు. దారం మాసిపోయి ఉంది, ఇనుము మాత్రం చెయ్యి తగిలి తగిలి నున్నగా మెరుస్తోంది. ఎక్కడ పెట్టాలో తోచక కిటికీ ఊచకు కట్టాడు. అది ఫ్యాను గాలికి కాసేపు అటూ ఇటూ ఊగి, మెల్లగా కుదురుకుని, మూల వంకరగా ఉన్న ఆ పలకల మీద తిన్నగా వేలాడింది.