జెరూషా హస్తవాసి

మా భార్గవ బావకి ఒక జబ్బుంది. పని జరిగితే చెయ్యి మంచిదంటాడు, జరగకపోతే చెయ్యి చెడ్డదంటాడు. చేతికీ పనికీ మధ్య తల అనేది ఒకటుంటుందనీ, దాన్ని కూడా అప్పుడప్పుడు వాడుకోవచ్చనీ ఆయనకి తోచదు.

జగ్గయ్యపేటలో బావకి ఇంటి ముందు గదిలోనే ఓ చిన్న వర్క్‌షాపు ఉంది. కృష్ణ ఒడ్డు ఊళ్ళల్లో ఎత్తిపోతల మోటార్లుంటాయి కదా, వాటిని ఫోన్లోంచే ఆన్ చెయ్యడానికీ, పొలాలకి నీళ్ళెన్ని వెళ్ళాయో లెక్క చూపడానికీ కంట్రోల్ బోర్డులు తయారుచేస్తాడు. బోర్డుల మీద చిప్పులు అతికించి, పరీక్ష చేసి, పెట్టెలో సర్దేది జెరూషా. వీరులపాడు అమ్మాయి, ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసింది. రోజూ నందిగామ వచ్చి, అక్కణ్ణించి ఇంకో బస్సెక్కి పేట వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ చూసేది నేను, వాగ్దేవిని. నందిగామలో మా ఇంట్లో కూర్చుని ఓ కంపెనీ ఉద్యోగం చేసుకుంటూ, మేనత్త కొడుకైన పాపానికి బావ పనులు కూడా చేసిపెడుతుంటాను.

జెరూషా చేసిన బోర్డు వెనక్కి రావడం ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు. "ఆ పిల్ల హస్తవాసి అలాంటిదే" అని బావ ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. కొత్త లాటు వచ్చినప్పుడల్లా మొదటి బోర్డు ఆమె చేతే ఆన్ చేయించేవాడు. మా లలితాంబ అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, దాన్ని వేదాద్రి పట్టుకెళ్ళి నరసింహస్వామి పాదాల దగ్గర పెట్టించుకొచ్చేది. బావ దృష్టిలో నాణ్యత పరీక్ష అంటే ఇదే.

ఈసారి చిప్పు మారింది. పాతది దొరకడం లేదని, దానికంటే బలమైన కొత్త రకం తెప్పించాడు. జెరూషా వాటితో బోర్డులు చేసి కరెంటిస్తే ఒక్కటీ లేవలేదు. అన్నీ తెర మీద ఒకటే మాట చూపించి ఆగిపోతున్నాయి: దశాంశాల లెక్కలు చేసే భాగం ఈ చిప్పులో లేదు అని. నీళ్ళ లెక్కంతా దశాంశాల్లోనే కాబట్టి ఆ భాగం లేకపోతే బోర్డు ఎందుకూ పనికిరాదు.

అప్పుడు బావ ఏం చేశాడు? నాకు ఫోన్ చేశాడా? చెయ్యలేదు. చిప్పులు పీకించి వేరేవి వేయించాడు. అమ్మినవాణ్ణి తిట్టాడు. అత్తయ్యని వేదాద్రి పంపాడు. ఇవన్నీ అయ్యాక, చెవిటికల్లు ఎత్తిపోతల సంఘం ప్రెసిడెంటు భవానీప్రసాద్ గారు "మా బోర్డులేవయ్యా?" అంటూ వర్క్‌షాపుకొస్తే, ఆయన ముందర జెరూషాని నిలబెట్టాడు. "మణికట్టుకి ఎర్తు తీగ కట్టుకోకుండా ముట్టుకుందండీ. ఒంట్లో కరెంటుకి చిప్పులన్నీ కాలిపోయాయి. ఈ మధ్య ఈ అమ్మాయి చెయ్యి బాగుండట్లేదు" అని ఆయనకి చెప్పి, ఆమెని రేపట్నుంచి రావద్దన్నాడు.

ఇదంతా నాకు చెప్పింది జెరూషాయే. నందిగామ బస్టాండులో బెంచీ మీద కూర్చుని కనిపించింది. ఈ వేళప్పుడు ఇక్కడున్నావేంటని అడగడమే ఆలస్యం, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"తీగ కట్టుకునే చేసా మేడం. కట్టుకోకుండా ఎప్పుడన్నా ముట్టుకున్నానా? ఇక్కడ ఇన్వర్టర్ల షాపులో పనుందంటే అడిగొస్తున్నా. 'పేటలో బోర్డులు కాల్చేసిన అమ్మాయివి నువ్వేనా' అన్నాడాయన. అప్పుడే ఆయనదాకా ఎట్టా వచ్చిందో!"

ఎట్టా వస్తుంది! మా బావ నోట్లో నువ్వుగింజ నానదు.

"మా అమ్మ మిరప కోతలకెళ్ళి నన్ను చదివించింది మేడం. ఈ మాట ఇంకో రెండు షాపులకి పాకిందనుకోండి, ఇక నన్నెవరు పెట్టుకుంటారు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్టాండులోనే, పల్లీలమ్మే ఆవిడ తిరిగి చూసేంత గట్టిగా బావతో ఫోన్లో మాట్లాడాను.

"బావా, ఒక బోర్డు పోతే చెయ్యనుకుందాం. అన్నీ ఒకే భాగం దగ్గర, ఒకే మాట చెప్పి మరీ కాలిపోతాయా? నీకసలు బుద్ధుందా?"

"సాఫ్ట్‌వేర్ మారలేదు కదే! అదే సాఫ్ట్‌వేర్ పాత బోర్డుల్లో లక్షణంగా నడుస్తోందా లేదా? మారనిదాంట్లో తప్పెలా వస్తుంది? చిప్పులు మార్చి కూడా చూసా. ఇక మిగిలిందేంటి, చెయ్యేగా!"

పైకి చూస్తే తిరుగులేని వాదనే. ఆడలేక మద్దెల ఓడన్నారంటే అర్థముంది. ఇక్కడ మద్దెలని కూడా వదిలేసి, వాయించే పిల్లని ఇంటికి పంపేశారు.

ఆన్ చేసినప్పుడు తెర మీద మొదట్నుంచీ ఏమేం వస్తోందో పంపమన్నాను. వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. సగం తెర, సగం బావ బొటనవేలు. మళ్ళీ పంపమంటే వీడియో పంపాడు. అందులో అక్షరాలు కనపడవు గానీ, అత్తయ్య "బోర్డులకి దిష్టి తీశార్రా?" అనడం మాత్రం స్పష్టంగా వినపడుతుంది. ఈ మనుషులతో ఫోన్లో అయ్యే పని కాదనుకుని మర్నాడు సెలవు పెట్టాను. జెరూషాని కూడా రమ్మన్నాను. రానంటే వినలేదు.

"నీ మీద వేసిన నింద పోతుంటే నువ్వు లేకపోతే ఎలా? పద" అన్నాను.

వచ్చింది గానీ వర్క్‌షాపు గడప దగ్గరే ఆగిపోయింది. భుజాన బ్యాగు అలాగే ఉంది. బావ ఆమెని చూడనట్టే కాయితాలు సర్దుకుంటున్నాడు.

"బయటే నిలబడ్డావేంటమ్మా, లోపలికి రా" అంది అత్తయ్య.

"సార్ రావద్దన్నారండి" అంది జెరూషా.

ఆ మాటతో అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాలిపోయాయన్న బోర్డులన్నీ ఒక అట్టపెట్టెలో పడేసి మూల పెట్టారు. అందులోంచి ఒకటి తీసి లాప్‌టాప్‌కి తగిలించాను. బోర్డుకి కరెంటివ్వగానే మా ప్రోగ్రాము మొదలవదు. దానికంటే ముందు బూట్‌లోడర్ అని ఇంకో చిన్న ప్రోగ్రాము లేస్తుంది. చిప్పుని నిద్రలేపి, దానికేమేం వచ్చో కనుక్కుని, అప్పుడు మిగతావాటిని పిలవడం దాని పని. అది నేను రాసింది కాదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, అందరూ వాడుకోమని ఊరికే పెట్టింది. అందుకని ఇన్నాళ్ళూ నేనూ దాని జోలికి పోలేదు, అదీ నా జోలికి రాలేదు.

చిప్పుకొచ్చిన విద్యలన్నీ పొట్టి పొట్టి పేర్లతో ఒకే వరుసలో కలిపి రాసి ఉంటాయి. బూట్‌లోడర్ ఆ వరుసని తన దగ్గరున్న ఓ పెట్టెలోకి నకలు చేసుకుని, అందులో ఫలానా విద్య ఉందా అని వెతుకుతుంది. ఆ పెట్టెలో పట్టేది ముప్పై రెండు అక్షరాలు. పాత చిప్పు వరుస అందులో హాయిగా పట్టేది. కొత్త చిప్పుకి విద్యలెక్కువ కాబట్టి దాని వరుస చాంతాడంత ఉంది.

సరే, పట్టలేదు. నకలు చేసే భాగం బుద్ధిగానే "చోటు చాలలేదు" అని జవాబు చెబుతోంది. అడిగిన భాగం మాత్రం ఆ జవాబు వినిపించుకోవడం లేదు. "ఉంది" అనే మాట రాకపోతే చాలు, ఇంకేం చెప్పినా "లేదు" కింద రాసేసుకుంటోంది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్న బాపతు. తెర మీద ఒక్క ముక్క హెచ్చరిక కూడా లేదు. పోనీ దశాంశాల సంగతి ఎక్కడో చివర ఉండి కనపడలేదా అంటే, అదీ కాదు, వరుస మొదట్లోనే ఉంది! విద్యలు మరీ ఎక్కువైపోయాయి కాబట్టి చిప్పుకి ఏ విద్యా రాదని తేల్చి పారేసింది. ఇంటిపేరు పొడుగైందని పెళ్ళికార్డులోంచి పెళ్ళికొడుకునే తీసేసినట్టుంది.

పొద్దున కూర్చున్నదాన్ని, ఇది పట్టుకునేసరికి భోజనాల వేళయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చూద్దామని ముందు పెట్టెని పెద్దది చేశాను. బోర్డు టక్కున లేచింది.

బావ నా వెనకే నిలబడి చూస్తున్నాడు. "అంతేనా? దీనికేనా ఇంత రాద్ధాంతం! ముప్పై రెండుని అరవై నాలుగు చేసెయ్, ఈ పూటే పంపించేద్దాం. ప్రెసిడెంటు గారు ఒకటే ఫోన్లు."

"వచ్చే ఏడాది ఇంకా పెద్ద చిప్పు తెస్తావు. దాని వరుస అరవై నాలుగు దాటితే?"

"అప్పుడు నూట ఇరవై ఎనిమిది చేద్దాం."

"అప్పుడెవర్ని పంపించేస్తావు బావా? ఇంకెవరి చెయ్యి చెడిపోతుంది?"

 గడప దగ్గర జెరూషా బ్యాగు పట్టీని పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

నకలు చెయ్యడమే తీసేశాను. వరుస ఉన్నచోటే ఉంటుంది, అక్కడే చదువుకోవచ్చు. మధ్యలో ఈ పెట్టె ఎందుకు, అందులో ఇన్నే పట్టాలనే కొలత ఎందుకు? రెండోది, లేకపోవడం వేరు, ఉందో లేదో తెలియకపోవడం వేరు. తెలియకపోతే తెలియలేదని తెర మీద రాసి ఆగేటట్టు మార్చాను. తెలియదు అనే మాట మనుషుల నోటెలాగూ రాదు, కనీసం ప్రోగ్రామైనా అననీ.

ఆ తర్వాత అట్టపెట్టె ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో బోర్డు తియ్యడం, కొత్త బూట్‌లోడర్ ఎక్కించడం, కరెంటివ్వడం. మొదటిది లేచింది. రెండోదీ లేచింది. బావ ముందు నవ్వాడు, తర్వాత నవ్వు తగ్గింది, చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెట్టె ఖాళీ అయ్యేదాకా నేను ఆపలేదు. కాలిపోయిన బోర్డు ఒక్కటంటే ఒక్కటి లేదందులో.

అత్తయ్య అందరికీ కాఫీ తెచ్చింది. గడప దగ్గరికి కూడా ఒక గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చింది. "చూసావా? మొన్న స్వామి దగ్గర్నుంచి తెచ్చిన పూలు ఆ పెట్టెలో వేసా. ఊరికే పోతుందా!" అంది నాతో.

"స్వామినెందుకు లాగుతావత్తయ్యా? చిప్పులు కాలిపోయాయని ఆయన ఎవరితోనూ అనలేదు."

బావకి ఆ మాట తగిలింది గానీ తగలనట్టు లేచాడు. రెండు చేతులూ చాపి గడప వైపు నడిచాడు.

"రా జెరూషా, రా! నీ చెయ్యి మంచిదేనమ్మా. నేనే అనవసరంగా కంగారుపడ్డా. మనసులో ఏం పెట్టుకోకు. రా, నీ చేత్తో ఒకటి ఆన్ చెయ్యి, శుభమా అని చెవిటికల్లు పంపించేద్దాం."

ఈ మనిషికి ఎప్పటికీ బుద్ధి రాదనిపించింది. అరవడానికి నోరు తెరిచాను, కానీ నాకా అవసరం రాలేదు.

"నా చెయ్యి మంచిదీ కాదు, చెడ్డదీ కాదు సార్" అంది జెరూషా.  "ఇవాళ మంచి చెయ్యని రమ్మంటారు. రేపింకోటేదన్నా ఆగిపోతే చెడ్డ చెయ్యని పొమ్మంటారు. నాకు పని వచ్చు సార్. పనొచ్చని అయితే రమ్మనండి, వస్తా."

బావ నా వైపు చూశాడు. నేను లాప్‌టాప్‌లోకి చూశాను. వాళ్ళమ్మ వైపు చూశాడు. అత్తయ్య గ్లాసులు తీసే పనిలో పడింది.

"నేననేదీ అదే కదమ్మా..." అని నసిగాడు.

"మీరన్నది అది కాదు సార్."

 "సరే. నీకు పని వచ్చు. చూసుకోకుండా అనేసా. తప్పు నాదే" అన్నాడు చివరికి. మా బావ నోటివెంట ఆ మాట వినడం నాకదే మొదలు.

"నాకెందుకు చెప్పడం సార్, నాకు తెలిసిందేగా. ప్రెసిడెంటు గారి ముందరన్నారు, ఆయనకి చెప్పండి. ఇన్వర్టర్ల షాపాయనకి కూడా చెప్పండి."

బావ ఫోన్ తీసి, నా పక్కకొచ్చి మెల్లగా, "సాఫ్ట్‌వేర్‌లో చిన్న ఇష్యూ అంటే సరిపోద్దిగా?" అన్నాడు.

"ఆ పిల్లని నిలబెట్టినప్పుడు చిన్న ఇష్యూ అనలేదుగా. స్పీకర్లో పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పు."

అవతల భవానీప్రసాద్ గారు ఎత్తారు. బావ నమస్కారాలు చెప్పాడు, బోర్డులు రెడీ అన్నాడు, ఎప్పుడు పంపమంటారని అడిగాడు. ఇక పెట్టేస్తాడేమో అనుకుంటుండగా జెరూషా వైపు చూశాడు. ఆమె కదల్లేదు.

"ఇంకో మాటండీ. మొన్న మీ ముందర మా అమ్మాయిని అన్నా చూడండి, బోర్డులు కాల్చేసిందని. కాల్చలేదండీ. అసలవి కాలనే లేదు. ఆ అమ్మాయి పని సరిగ్గానే చేసింది, నేనే తెలుసుకోకుండా నోరు పారేసుకున్నా."

"అట్టాగా" అన్నారాయన. కొంచెం ఆగి, "చెప్పావు, మంచిపని చేసావు" అని పెట్టేశారు.

బావ ముఖం తుడుచుకున్నాడు. ఫోన్లో పేర్లు కిందికీ పైకీ జరిపి, "ఆ ఇన్వర్టర్లాయన నంబరు నా దగ్గర లేదే" అన్నాడు, బతికిపోయానన్నట్టు.

జెరూషా గడప దాటి లోపలికొచ్చింది. బ్యాగు బల్ల మీద పెట్టి, అందులోంచి తన ఫోన్ తీసింది.

"నా దగ్గరుంది సార్, నంబరు చెప్తా, కొట్టుకోండి" అంది.