పై అంతస్తుకి నీళ్ళు

ఆ భవనంలో పొద్దున్నే అందరికంటే ముందు లేచేవి కొళాయిలు. నాలుగో అంతస్తులో పెద్దావిడ వంటింటి కొళాయి రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, ధారగా మొదలైందంటే కింది వాటాలో డ్రైవింగ్ మాస్టారు మంచం దిగారని అర్థం. ఆయన ఒంట్లో రక్తం పోటెక్కితే భవనం గొట్టాల్లో నీళ్ళు పైకెక్కుతాయి. మాస్టారూ, భార్యా అక్కడ అద్దెకి దిగినప్పటి నుంచీ అంతే. మోటారు కాలిపోయి ఏళ్ళు గడిచినా దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు. కొత్తగా ఎవరైనా వాటా చూడడానికొస్తే, నీళ్ళకి ఢోకా లేదండీ, కింద మాస్టారున్నారని చెప్పేవారు. వచ్చినవాళ్ళు తలూపి, గాలీ వెలుతురూ ఎలా ఉంటాయని అడిగేవారు.

మాస్టారి వృత్తి కూడా నీళ్ళకి అనుకూలించేదే. బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన కూర్చుని రోజంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం ఆయన ఉద్యోగం. సాయంత్రం ఆయన ఇల్లు చేరి చొక్కా విప్పే వేళకి పై అంతస్తుల్లో బట్టలు నానబెట్టి సిద్ధంగా ఉండేవారు.

ఆయన భార్య రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తుంది. కుట్టిన చొక్కాని తిరగేసి, జేబు మూల లాగి, కాలర్ కింద వేలు పెట్టి, ఎక్కడ దారం వదిలారో పట్టుకోవడం ఆమె పని. అక్కడా ఇక్కడా అందరూ ఆమెని చెకింగమ్మ అనే అంటారు. అనుమానం పెనుభూతం అని లోకం అంటుంది గానీ, ఆమెకి అది నెలనెలా జీతమిచ్చే భూతం. బాగున్న చొక్కాని చూస్తే ఆమెకి భయం. తప్పు కనిపించేదాకా తిప్పి తిప్పి చూస్తుంది.

అలాంటి మనిషికి ఇరుగుపొరుగు మంచితనం మీద అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? మూడో అంతస్తు ఆవిడ వారానికి రెండుసార్లు ఉప్పు దట్టించి వేయించిన వేరుశనగపప్పులు పళ్ళెం నిండా తెచ్చి, "మాస్టారికి ఇష్టం కదా, వేడిగా ఉన్నప్పుడే పెట్టండి" అని ఇచ్చిపోయేది. రెండో అంతస్తు వాళ్ళు చిప్స్ పంపేవారు. ఊరికే పెట్టే చెయ్యి ఈ లోకంలో ఎక్కడుంది అనుకుంటూ చెకింగమ్మ మొదట తప్పుదారిన పోయింది. మూడో అంతస్తు ఆవిడకి తన భర్త మీద కన్నుందేమోనని రెండు నెలలు కాపలా కాసింది. బట్టతలా, చెమట కంపూ ఉన్న ఆ మనిషిలో అంత చూడడానికేముందో ఆమెకే అంతుపట్టక ఆ అనుమానాన్ని వదిలేసింది.

ఇంకొకటి భవనం ప్రెసిడెంటు సంగతి. అతను మర్యాదస్తుడే. కానీ పొద్దున్న స్నానాల వేళకి సరిగ్గా మాస్టారి గుమ్మం ముందుకొచ్చి, స్కూటరు అడ్డంగా పెట్టారని గొడవేసుకునేవాడు. స్కూటరు నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉండేది. మాస్టారు బయటికొచ్చి అరిచేవారు, అతను ఇంకా అరిచేవాడు, పైన కొళాయిలన్నీ హోరెత్తేవి. అందరి స్నానాలూ అయ్యాక అతను చల్లగా నవ్వి, "పోనివ్వండి మాస్టారూ, మనలో మనకేంటి" అని వెళ్ళిపోయేవాడు.

లైసెన్సు రెన్యువల్‌కి డాక్టరు సర్టిఫికెట్ కావాలంటే ఇద్దరూ కలిసి క్లినిక్‌కి వెళ్ళారు. అక్కడ డాక్టరు మాస్టారి చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, నమ్మక రెండో చేతికి కూడా చుట్టాడు. ఈ అంకెతో కారు నడపడం మాట అటుంచి, మెట్లెక్కడం కూడా ఆలోచించుకోవాలని చెప్పాడు. తలనొప్పి వస్తుందా, కళ్ళు తిరుగుతాయా అని అడిగితే మాస్టారు ఏమీ లేదన్నారు. ఉండకపోవడమే దీని పద్ధతి, చెప్పాపెట్టకుండా వస్తుందని డాక్టరు మాత్రలు రాశాడు.

మాస్టారి అన్నగారు గడ్డం గీసుకుంటూ, ఒక చెంప నురగతోనే అద్దం ముందు ఒరిగిపోయినవాడు. ఆ చెంప చెకింగమ్మ కళ్ళలోంచి ఎన్నడూ పోలేదు. దారిలో బస్సులో కూర్చుని పప్పుల పళ్ళేలూ, చిప్స్, స్కూటరు గొడవలూ ఒక్కొక్కటే తిరగేసి చూసుకుంది. దారం చేతికి దొరికింది. వాళ్ళు తన భర్తని మేపుతున్నారు, రేపుతున్నారు, నీళ్ళ కోసం నెమ్మదిగా చంపుతున్నారు.

ఆ రోజు నుంచి ఆమె ఇంటికి తానే కోట గోడ అయింది. ఉప్పు పళ్ళెం గుమ్మం దాటి ఆయన చేతికి అందకుండా తనే అందుకునేది. తినే వస్తువు పారేయడం చేతకాని మనిషి కాబట్టి, వంటింట్లో నిలబడి ఆ పప్పులు తనే గబగబా నమిలి మింగేసేది. ప్రెసిడెంటు స్కూటరు పేరెత్తగానే ఆయన్ని లోపలికి తోసి, తనే కొంగు దోపుకుని బయటికెళ్ళేది. ఆమె అరుపు ముందు మాస్టారి అరుపు ఎందుకూ చాలదని ప్రెసిడెంటు కూడా ఒప్పుకున్నాడు. ఆయనకి నిద్ర కావాలని అలారం తీసేసి తను ముందే లేచేది. ఆయన గురక ఆగితే కూడా లేచేది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడానికి.

ఇంత చేసినా నాలుగో అంతస్తు కొళాయి ధార పిసరంత తగ్గలేదు. అంటే ఆయన మాత్ర మింగడం లేదని ఆమెకి అర్థమైంది. నోరు తెరిపించి చూస్తే నాలుక కింద ఏమీ లేదు. చివరికి బూట్లు దులిపితే, కరిగీ కరగని మాత్రలు గచ్చు మీద దొర్లాయి. అరవకూడదని తనకు తాను చెప్పుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఇవేంటండీ?"

మాస్టారు నేల చూపులు చూశారు. "వేసుకుంటే నీళ్ళెక్కవే. పైన పెద్దావిడ ఉంది, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ బిందె పట్టుకుని దిగుతుందా?"

"ఆవిడ మోకాళ్ళ కోసం మీరు చస్తారా?"

"పొద్దున్నే నేను లేస్తానని ఒక భవనం మొత్తం ఎదురుచూస్తుంది. నా కోసం ఇన్నాళ్ళూ ఎవరు ఎదురుచూశారు చెప్పు?"

నేను చూడలేదా అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఆయన మాట ఆమెకి చాలా నొప్పిగా తగిలింది. బూట్లు తుడిచి మూల పెట్టింది.

మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళినప్పుడు ఈ బూట్ల భాగోతం డాక్టరుకి విన్నవించింది. మాత్రలు రోజూ మింగేవాళ్ళు తక్కువేననీ, అందుకే ఇప్పుడు కొత్త మందు మీద పరిశోధన జరుగుతోందనీ ఆయన చెప్పాడు. ఆరునెలలకి ఒక్క సూది చాలట. రక్తపోటుని పెంచే సరుకొకటి కాలేయంలో తయారవుతుందట, సూది వెళ్ళి ఆ తయారీని తగ్గిస్తుందట. పరిశోధనలో చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేది పడిందో సూది వేసే నర్సుకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఎవరికీ తెలియని వ్యవహారం అనగానే చెకింగమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. కానీ సూదిని బూట్లో దాచలేరు కదా అని సరేనంది. మాస్టారు కూడా సరేనన్నారు. ఉప్పునీళ్ళు తన వంతుకే వస్తాయని ఆయనకి గట్టి నమ్మకం.

సూది పడిన రోజు నుంచి భవనం మొత్తం కొళాయిల వైపు చూస్తూ కూర్చుంది. పెద్దావిడ రోజూ ధార కింద చెయ్యి పెట్టి చూసుకునేది. రోజులు గడిచాయి, వారాలు గడిచాయి, ధార అలాగే ఉంది. పైవాళ్ళ ముఖాలు వికసించాయి, మూడో అంతస్తు ఆవిడ పళ్ళెం ఇంకాస్త పెద్దదైంది. ఉప్పునీళ్ళే పొడిచారని చెకింగమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

అయితే క్లినిక్‌లో కొలిస్తే అంకె దిగింది. డాక్టరు ముఖం వెలిగిపోయింది, ఆమె ముఖం ముడుచుకుంది. కొళాయి ఒకటి చెబుతుంటే మిషను ఇంకోటి చెబుతోంది. అబద్ధమాడాల్సిన అవసరం కొళాయికేముంది? పరిశోధన గెలిచిందనిపించుకోవడానికి వీళ్ళే అంకెలు దింపుతున్నారని అనుమానించి, ఆయన్ని వీధి చివర మందుల షాపుకి తీసుకెళ్ళి కొలిపించింది. అక్కడా దిగింది. బస్టాండు దగ్గర ఇంకో షాపులోనూ దిగింది. పైవాళ్ళు చాటుగా మోటారు బాగుచేయించారేమోనని డాబా ఎక్కి చూసింది. మోటారు తుప్పు పట్టి ఉంది, దాని మీద పావురాలు గూడు పెట్టుకున్నాయి. మెట్లు దిగుతుంటే ఆయాసం వస్తే ప్రెసిడెంటుని తిట్టుకుంది.

ఈలోగా పక్క ఊళ్ళో ఉండే చెల్లెలు బాత్‌రూమ్‌లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. చెకింగమ్మ భర్తకి ఏం తినాలో, ఎవరితో మాట్లాడకూడదో పదిసార్లు చెప్పి బస్సెక్కింది.

చెల్లెలి ఇల్లు మూడో అంతస్తులో. అక్కడ నీళ్ళు సన్నని దారంలా వస్తాయని చెల్లెలు ఎప్పుడూ వాపోయేది. అక్క వచ్చి చెప్పులు విడిచి, ఇల్లంతా చూసి, మంచం కింద దుమ్ము చూసి, పనిమనిషి మోసం చేస్తోందని తేల్చింది. ఆ మాట అంటుండగానే వంటింట్లో కొళాయి బుస్సుమంది. సింకులో గిన్నెలు దొర్లిపోయాయి. చెల్లెలు మంచం మీదనుంచే, "అక్కా, బకెట్లు పెట్టు, మళ్ళీ ఎప్పుడొస్తాయో ఏమో" అని సంబరపడింది. చెకింగమ్మ ఉన్న బకెట్లన్నీ నింపింది. మున్సిపాలిటీవాళ్ళు ఇంత మంచివాళ్ళెప్పుడయ్యారని అనుమానపడింది కూడా.

మర్నాడు పొద్దున మాస్టారు ఫోన్ చేశారు. ఆయన గొంతులో కంగారు.

"నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ నీళ్ళెక్కడం లేదే. పెద్దావిడ బిందెతో మెట్ల మీద కూలబడిపోయింది. ప్రెసిడెంటు నాతో గంటసేపు పోట్లాడాడు, అయినా చుక్క రాలేదు. నాకేమో కోపమే రావట్లేదు."

"మీ ఒంట్లో ఎలా ఉంది?"

"హాయిగా ఉంది. అదే విచిత్రం."

చెకింగమ్మ గుండె దడదడలాడింది. బాత్‌రూమ్‌లో కొళాయి పిడి ఊడి గోడకి తగిలింది, నీళ్ళు పైకప్పుని తాకాయి. చెల్లెలు తడుస్తున్న గుమ్మం వైపు చూసింది, తర్వాత అక్క వైపు చూసింది. సంబరం పోయింది.

"అక్కా," అంది మెల్లగా, "బావకి సరే, నువ్వెప్పుడైనా కొలిపించుకున్నావా?"

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఊళ్ళో అందరి కుట్లూ తిరగేసి చూసిన చెకింగమ్మ తనని తాను ఒక్కసారీ తిరగేసి చూసుకోలేదు. ఆయన నోటికి అందకుండా తిన్న పప్పులూ, ఆయన బదులు వేసుకున్న గొడవలూ, ఆయన నిద్ర కోసం మానుకున్న నిద్రలూ ఎక్కడికి పోయాయో అప్పుడు తెలిసింది. ఆయన పోతే తనేమైపోతుందా అని ఇన్నాళ్ళూ వణికింది. తను పోతే ఆయనేమైపోతారన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. ఆమెకి నిజంగా భయమేసింది.

చెల్లెలి వీధిలోని క్లినిక్‌లో డాక్టరమ్మ పట్టీ చుట్టింది. గాలి నిండుతుంటే మూలనున్న చేతులు కడుక్కునే కొళాయి దానంతటదే తెరుచుకుంది. నర్సు వెళ్ళి గట్టిగా తిప్పింది, ఆగలేదు. డాక్టరమ్మ మిషను వైపు ఒకసారి, కొళాయి వైపు ఒకసారి చూసి, ఇంకొక్క నెల ఆలస్యమైతే మిమ్మల్ని మోసుకొచ్చేవారు అంది. కొత్త పరిశోధనలేవీ తనకొద్దనీ, ఉన్న మందే రాయమనీ, రోజూ మింగుతాననీ చెకింగమ్మ చెప్పింది. మిషను సరైనదేనా అని మాత్రం అడగలేదు.

చెల్లెలి కాలు కుదురుకునేసరికి ఆ ఇంటి కొళాయి మళ్ళీ దారానికి వచ్చింది. చెకింగమ్మ మందుల సంచీతో ఇల్లు చేరింది. అసలు సంగతి మాస్టారి నోట విన్న భవనం వాళ్ళంతా గేటు దగ్గరే ఎదురొచ్చారు, పైన కొళాయిలు మాత్రం నోరెత్తలేదు. మర్నాటి నుంచి అందరూ బిందెలతో మెట్లు దిగి, కింది వాటా ముందున్న కొళాయి దగ్గర వరస కట్టారు. పెద్దావిడ బిందె మాస్టారే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చేవారు. చెకింగమ్మ వంటింటి కిటికీ వైపు అందరూ కోపంగానో ఆశగానో చూసేవారు. ఈవిడ నిజంగానే మింగుతోందా అన్న అనుమానం ఇప్పుడు వాళ్ళది.

ఒక సాయంత్రం ప్రెసిడెంటు వచ్చాడు. స్కూటరు ఊసెత్తలేదు. మర్యాదగా కుర్చీ అంచున కూర్చుని, రేపు అల్లుడి తరఫు వాళ్ళు ఇంటికొస్తున్నారనీ, ఇంటి నిండా జనమనీ, నీళ్ళు లేకపోతే పరువు పోతుందనీ చెప్పాడు. చెకింగమ్మ లోపల గోడ పక్కన నిలబడి వింటోంది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది. అయినా ఆమె ఊపిరి బిగబట్టింది, ఎందుకంటే అడుగుతున్నది ఆమె భర్తని. అడిగినవాళ్ళకి కాదనలేక తన ప్రాణాన్నే బూట్లో పారేసుకున్న మనిషిని.

"ఒక్కరోజేనండీ," అన్నాడు ప్రెసిడెంటు. "మీ ఆవిడ రేపొక్కరోజు మాత్ర మానేస్తే చాలు."

మాస్టారు కుర్చీ జరిపి లేచినట్టు వినిపించింది.

"కుదరదు," అన్నారాయన. "అది నా భార్య."

గొంతు పెంచలేదు. మామూలుగానే అన్నారు. ప్రెసిడెంటు ఇంకేదో అనబోతే, మోటారు బాగుచేసేవాడి షాపు ఎక్కడుందో చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నారు.

చెకింగమ్మ ఆ మాటని తిరగేసి చూడలేదు. కళ్ళు తుడుచుకుని, వంటింట్లోకెళ్ళి కొళాయి కింద గ్లాసు పెట్టింది. ధార బాగా సన్నగా వస్తోంది. గ్లాసు నిండేదాకా నిలబడి, మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.