అది ఎవరి గొంతు?

అశోక్‌నగర్‌లోని ఆ ఆడపిల్లల హాస్టల్లో చదివి చదివి విసుగు పుట్టినప్పుడల్లా అందరూ రేణుక చుట్టూ చేరేవారు. గ్రూప్స్ పరీక్షల కోసం జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన రేణుకకు, ఓనరు మహేశ్వరి గారిని అనుకరించడం వెన్నతో పెట్టిన విద్య. చున్నీని పమిటలా దోపుకుని, చెయ్యి తిప్పుతూ, గోదావరి యాస సాగదీస్తూ, "ఏమ్మా, ఈ నీళ్లేమైనా మీ తాతగారు తవ్వించిన నూతిలోంచి వస్తున్నాయనుకున్నారా?" అనేది. పిల్లలు పడిపడి నవ్వేవారు.

ఒక ఆదివారం అలా నవ్వుతున్నవాళ్లు ఉన్నట్టుండి నోళ్లు మూసుకున్నారు. గుమ్మంలో మహేశ్వరి గారు నిలబడి ఉన్నారు.

"మళ్లీ అను," అన్నారావిడ.

రేణుక పైప్రాణాలు పైనే పోయాయి. గది ఖాళీ చేయమంటే పరీక్షల ముందు రాంనగర్‌లోనూ దొరకదు, విద్యానగర్‌లోనూ దొరకదు.

"తప్పయింది ఆంటీ. మళ్ల చెయ్య."

"అనమంటున్నానా?"

రేణుక చున్నీ మళ్లీ దోపుకుని అంది. మహేశ్వరి గారు గోడకు జారబడి, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వారు. "అచ్చం మా ఆడపడుచు కుసుమే. దాన్నెప్పుడు చూశావే నువ్వు?"

చూడలేదని చెప్పేంత అమాయకురాలు కాదు రేణుక. కానీ ఆ ఊరట సాయంత్రం దాకానే నిలిచింది. చిక్కడపల్లి నుంచి కుసుమ గారే వచ్చారు. రేణుకకు కింద ఓనరు గారింటి నుంచి పిలుపొచ్చింది. చేతికి పెసరట్టు పళ్లెం ఇచ్చి, "ఊఁ, కానివ్వు," అన్నారు మహేశ్వరి గారు.

రేణుక రెండు మాటలు అందో లేదో కుసుమ గారు పమిట నోట్లో కుక్కుకున్నారు. "వదినా, ఇది నువ్వే. ఆ చెయ్యి తిప్పడం కూడా నీదే."

"నేనా? నీ గొంతు నీకే తెలీట్లేదూ?"

"నువ్వే చెప్పమ్మాయ్, ఇది ఎవరు?" అని కుసుమ గారు రేణుక వైపు తిరిగారు.

"మా మేనత్త," అంది రేణుక, పెసరట్టు ముక్క తుంచుతూ.

"జనగామ మేనత్త ఇలా మాట్లాడుతుందా?" అని మహేశ్వరి గారు మెడ పక్కకు వాల్చి, గోరు కొరుకుతూ, "జర ఇనుండ్రి ఆంటీ, నీళ్లు నేను ఇడిసిపెట్టలే, నల్లానే గట్లుంది," అన్నారు.

కుసుమ గారు పకపకా నవ్వారు. రేణుక చెవులు వేడెక్కాయి.

"నేను గోరు కొరుకుతనా ఆంటీ?"

"ఇప్పుడు కొరుకుతున్నావు."

చూసుకుంటే నిజమే. రేణుకకు నవ్వు తన్నుకొచ్చి పొలమారింది. మహేశ్వరి గారే నెత్తిన తట్టి మంచినీళ్లిచ్చారు. కుసుమ గారికి వినపడకుండా వంగి, "ఇంతకీ అది నేనేనా?" అని అడిగారు.

"జరంత, ఆంటీ."

మహేశ్వరి గారు వంటింట్లోకి వెళ్లి, పెనం మీద ఇంకో అట్టు పోశారు.